గ్లాసులు ఎవరు తీస్తారు? మందు మానేసిన ఐదో నెలలో ఒక కుటుంబ సమావేశం

ఈ కేసు రాయడానికి క్లయింటు ఒప్పుకున్నారు. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. రాసింది చదవమని ఇస్తే ఒకే ఒక్క సవరణ చెప్పారు: "రెండు గుక్కలు కాదండీ, మూడు." సరిదిద్దాను.

నేపథ్యం

వయసు 43. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పదహారేళ్లుగా తాగుడు, అందులో చివరి ఆరేళ్లు రోజూ. మొదటిసారి కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆడిట్ స్కోరు 27. ఆడిట్ అంటే తాగుడు ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన 10 ప్రశ్నల పట్టిక, మొత్తం 40కి లెక్క. 8 నుంచే జాగ్రత్త పడాలి. 20 వచ్చిందంటే మనిషి ఆల్కహాల్ మీద ఆధారపడే స్థితికి వెళ్లాడేమోనని పూర్తిగా పరీక్షించాలి.

అంతకు రెండేళ్ల ముందు ఎవరికీ చెప్పకుండా సొంతంగా మానేయబోయి, ఆఖరి గ్లాసు తాగిన ఒకటిన్నర రోజుకి ఫిట్స్ వచ్చి పడిపోయారు. అందుకే ఈసారి హాస్పిటల్లో చేరి, సైకియాట్రిస్టు పర్యవేక్షణలో, థయమిన్ (విటమిన్ బి1) తీసుకుంటూ మానారు. ఈ సందర్భంలోనే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతానేమో. "అందరూ వస్తున్నారు, ఈ నాలుగు రోజులైనా ముట్టుకోకు" అని రోజూ తాగే మనిషి చేత ఒట్టు వేయించుకునే ఇళ్లు చాలా చూశాను. రోజూ ఎక్కువ మోతాదులో తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపితే మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, ఒళ్లంతా వణికి, లేనివి కనిపించే డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అది. అలాంటివాళ్లు డాక్టరుని కలవకుండా, సరిగ్గా ప్రయాణానికి ముందు మానేయకూడదు.

మన కేసుకి వద్దాం. డిశ్చార్జి తర్వాత సైకియాట్రిస్టు లివర్ పరీక్షలు చూసి తాగాలన్న కోరికని తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర, రోజుకి 50 మిల్లీగ్రాములు, మొదలుపెట్టారు. నాతో వారానికో సెషన్. సమావేశం నాటికి మానేసి ఐదు నెలలు దాటింది. మూడు నెలలు దాటితే కోలుకోవడంలో తొలి మెట్టు ఎక్కినట్టు మేము లెక్కేస్తాం. తొలి మెట్టు మాత్రమే.

వెళ్లాలా, వద్దా

పండగ సెలవులకి ఏటా అందరూ అన్నయ్యగారింట్లో కలుస్తారు. పిల్లలతో కలిపి ఇరవై మంది, నాలుగు రోజులు. మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు తోచిన సలహా "ఈ ఏడాదికి మానుకోండి" అనే. ఇప్పటికీ చాలామందికి అదే చెబుతాను. ఐదో నెలలో ఒక సమావేశానికి వెళ్లకపోతే కొంపలేం మునగవు.

ఆయన ఒప్పుకోలేదు. "అమ్మకి 74 అండీ. పోయినేడాది నేను అక్కడే ఉన్నాను గానీ, ఆవిడతో కూర్చుని మాట్లాడింది గుర్తు లేదు" అన్నారు. నా దగ్గర దీనికి జవాబు లేకపోయింది.

బేరమాడుకున్నాం. నాలుగు రాత్రులు కాదు, రెండు. సొంత కారులో వెళ్లాలి, తాళం ఆయన జేబులోనే ఉండాలి. మూడో రోజు సాయంత్రం చీకటి పడకముందే బయల్దేరాలి. ఈ రెండు రాత్రుల షరతు పెట్టినప్పుడు నేను మరీ చాదస్తంగా ఉన్నానేమో అనిపించింది కూడా. తర్వాత జరిగింది చూస్తే, ఈ కేసులో నేను సరిగ్గా చేసిన పనుల్లో మొదటిది అదే.

"తాగను", "తాగట్లేదు", "తాగకూడదు"

తయారీకి మూడు సెషన్లు పెట్టుకున్నాం. అందులో రెండు పూర్తిగా ఒకే ప్రశ్న మీద పోయాయి: బావగారు గ్లాసు చేతికిస్తే ఏమనాలి?

ఆయనకి తోచిన మొదటి మాట "డాక్టర్ వద్దన్నాడు బావా". నేను బావగారినై కూర్చున్నాను. "ఏ డాక్టరు? వాళ్లు అన్నీ వద్దనే అంటారు. ఒక్కటేస్తే ఏం కాదులే." ఆయన దగ్గర మాట అయిపోయింది. "తాగకూడదు" అన్నా అంతే. మనల్ని ఎవరో ఆపుతున్నారన్న అర్థం అందులో ఉంది. ఆపేది ఎవరో తెలిస్తే వాళ్లని తీసిపారేయడమే అవతలివాడి పని. తర్వాత "ఇప్పుడు తాగట్లేదు" అన్నారు. "ఇప్పుడు తాగకపోతే రాత్రికి తాగుదువు గానీ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

చివరికి తేలిన మాట: "నేను తాగను బావా, మానేశాను. ఆ సోడా ఇలా ఇవ్వు." మొదటిది తన నిర్ణయం, రెండోది అయిపోయిన పని, మూడోది అవతలివాడి చేతికి పని. కారణం ఎక్కడా లేదు. కారణం చెప్పిన చోటల్లా వాదన మొదలవుతుంది. ఈ మాట పదిహేను సార్లు పలికించాను. మొదట్లో గొంతు సంజాయిషీ ఇస్తున్నట్టు వచ్చేది, పన్నెండోసారికి మామూలు మాటలా వచ్చింది.

మూడో సెషన్లో కోరిక తన్నుకొచ్చినప్పుడు ఏం చేయాలో చూసుకున్నాం. కోరిక అలలాంటిది. లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, సాధారణంగా పావుగంట నుంచి అరగంటలో దిగుతుంది. దాన్ని తోసేయకుండా, దానికి లొంగకుండా, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ ఉండటం సైకాలజిస్టు అలన్ మార్లట్ నేర్పిన పద్ధతి. ఆయనకి అది దవడ బిగుసుకోవడంతో మొదలవుతుంది. దవడ బిగిస్తే బయటికి నడక, ఇరవై నిమిషాలు, నాకు సున్నా నుంచి పది దాకా ఒక అంకె మెసేజి. రాత్రి 10 దాకా నేను అందుబాటులో ఉంటానని చెప్పాను.

చివరగా, ఊరికే కూర్చుంటే ఇబ్బందిగా ఉంటుందని ఆయన అంటే నేను అలవోకగా ఒక సలహా ఇచ్చాను: "ఏదో ఒక పని అందుకోండి. అన్నయ్యగారికి సాయం చేయండి. చేతులు ఖాళీగా ఉంచకండి." ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఎవరికి చెప్పాలి

అందరికీ చెప్పడం ఆయనకి ఇష్టం లేదు. భార్యకి ఎలాగూ తెలుసు. అన్నయ్యకి చెప్పాలని నిర్ణయించుకుని నా ముందే ఫోన్ చేశారు. స్పీకర్లో విన్నాను. "మంచి పని చేశావురా" అని, ఒక క్షణం ఆగి, "అయితే మేమూ మానేయాలా ఏంటి?" అన్నారు అన్నయ్య. ఆ ప్రశ్నలో విసుగు కన్నా భయం ఎక్కువ వినిపించింది నాకు. ఇంట్లో ఒకడు మానేస్తే, మిగతావాళ్లు తమ గ్లాసులు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

అక్క ఇంకో దారిలో వచ్చింది. ఎవరో చెప్పారట, భోజనంలో తెలియకుండా కలిపే మాత్ర ఉందని, అది కలిపితే తమ్ముడు పొరపాటున తాగినా వాంతులై బుద్ధొస్తుందని. ఆ మాత్ర డైసల్ఫిరామ్. ఆల్కహాల్ విరిగాక పుట్టే అసిటాల్డిహైడ్‌ని ఒంట్లోంచి పోనివ్వకుండా ఆపుతుంది. దాని మీద తాగితే మొహం కందిపోవడం, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, గుండెజబ్బు ఉన్నవాళ్లకైతే ఇంకా ప్రమాదం. మానేసిన తర్వాత కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. వాడే మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సిన మందు అది. తెలియకుండా కలపడం వైద్యం కాదు, విషం పెట్టడం కింద లెక్క. అక్కగారికి ఫోన్లో ఇదే ముక్క కొంచెం మెత్తగా చెప్పాను. నాల్ట్రెక్సోన్ అలాంటిది కాదని, అది తాగినప్పుడు వచ్చే హుషారునీ కోరికనీ తగ్గిస్తుందే తప్ప వాంతులు చేయించదని కూడా వివరించాను.

ఏం జరిగింది

మొదటి రాత్రి ఏమీ జరగలేదు. బావగారు గ్లాసు పట్టుకొచ్చారు. ఈయన నేర్చుకున్న మాట అన్నారు. బావగారు "ఓహో, సరే" అని సోడా ఇచ్చి పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయారు. మొత్తం పది సెకన్లు. మేము రెండు సెషన్లు ధారపోసిన ఘట్టం అది.

రెండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, హాలు నిండా జనం. భార్య వంటింటి గుమ్మంలోంచి కాస్త గట్టిగా అడిగారు: "ఏమండీ, మందు వేసుకున్నారా?"

ఆవిడ అడిగింది మాత్ర గురించి. హాలంతా గొల్లుమంది. "వేసుకోమని ఇంటావిడే అడుగుతుంటే ఇంకేంట్రా!" అని బావగారు. మన భాషలో జబ్బు చేసేదానికీ జబ్బు తగ్గించేదానికీ ఒకటే మాట ఉండటం వల్ల ఎన్ని జోకులు పుట్టాయో గానీ, ఆ నవ్వు ఆయనకి ఎలా తగిలిందో నాకు తర్వాత చెప్పారు: "అందరికీ తెలుసని అప్పుడర్థమైంది. నేను హాల్లో ఉన్న పేషెంటుని." ఆయన కూడా నవ్వారు. "ఆ, వేసుకున్నా" అన్నారు. వేసుకోలేదు. స్ట్రిప్పు బ్యాగులో ఉంది, బ్యాగున్న గదిలో పిల్లలు పడుకున్నారు. తర్వాత తీసుకుందామనుకుని తీసుకోలేదు.

సాయంత్రం 7 గంటలకి నాకు మెసేజి: "7". పది నిమిషాల తర్వాత: "నడుస్తున్నా". 7.40కి: "3". బాగుందనుకున్నాను. ఆ రాత్రి ఇంకేమీ రాలేదు, నేను పదింటికి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను.

11.40కి అందరూ లేచారు. "మీరు పడుకోండి, ఇవన్నీ నేను తీస్తా" అన్నారు ఈయన. ఇరవై గ్లాసులు ట్రేలో సర్దుకుని, వంటింట్లో సింకు దగ్గర ఒక్కరే. ఒక గ్లాసులో సగం ఉంది. పారబోయబోయి వాసన తగిలింది. మూడు గుక్కలు.

నాకు 11.52కి మెసేజి పెట్టారు: "పడిపోయానండి." నేను చూసింది పొద్దున 5.50కి.

ఆ ఆరు గంటలు

బాటిల్ పక్క గదిలోనే ఉంది. ఆయన మనసులో తిరిగిన మాట: "నిండా మునిగినవాడికి చలేమిటి." ఐదు నెలలు ఎలాగూ పోయాయి, ఇంక మూడు గుక్కలైతేనేం, ముప్పై అయితేనేం. మార్లట్, జూడిత్ గోర్డన్ 1985లో రాసిన పుస్తకంలో దీన్నే వివరించారు. నియమం ఒక్కసారి తప్పినందుకు వచ్చే సిగ్గు, "నేను ఇంతే" అన్న తీర్పు, ఆ రెండూ కలిసి చిన్న జారుడుని పెద్ద పతనంగా మారుస్తాయని. మూడు గుక్కల ఆల్కహాల్ చేసే హాని తక్కువే. ఆ తర్వాత వచ్చే ఆలోచనే మనిషిని బాటిల్ దాకా నడిపిస్తుంది.

నేను నిద్రలో ఉన్నాను. ఆయన వెళ్లి భార్యని లేపారు. సెషన్లో దీని గురించి ఒక్క ముక్క అనుకున్నాం: తప్పితే గంటలోపు ఒక మనిషికి చెప్పాలి, ఎవరికైనా సరే. నేను దొరకకపోతే ఏంటన్నది మాత్రం అనుకోలేదు. ఆయనే అనుకున్నారు. ఆవిడ లేచి కూర్చుని, "ఎంత?" అని మాత్రం అడిగారట. తర్వాత ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి మిగిలిన గ్లాసులు కలిసి కడిగారు. ఆ రాత్రి ఆవిడ చేసినదానికన్నా మంచి చికిత్స నేను చేసి ఉండేవాణ్ని కాదు. మధ్యాహ్నం నాటి మాటకి ఆవిడ మీద నాకు కాస్త చిరాకొచ్చిన సంగతి కూడా ఒప్పుకోవాలి. అది తగ్గింది.

పొద్దున ఆరింటికి ఫోన్లో మాట్లాడాను. ఎవరికీ ప్రకటన చేయక్కర్లేదు, అమ్మతో కూర్చోండి, మాత్ర ఇప్పుడే వేసుకోండి, అనుకున్న టైముకి బయల్దేరండి అన్నాను. నాలుగింటికి బయల్దేరారు. నాలుగు రాత్రుల ప్లాను అయ్యుంటే, ఆ మనసుతో ఇంకో రెండు సాయంత్రాలు దాటాల్సి వచ్చేది.

వెనక్కి నడిచి చూస్తే

తర్వాతి సెషన్లో 11.40 నుంచి వెనక్కి ఒక్కొక్క మెట్టు దిగాం. సింకు దగ్గర ఒంటరితనం. దానికి ముందు "నేను తీస్తా" అన్న మాట. ఇలాంటివాటిని పైకి ఏ సంబంధం లేనట్టు కనిపించే నిర్ణయాలంటాం. ఎవరూ దాన్ని తాగడానికి వేసిన అడుగు అనుకోరు, మంచితనం అనుకుంటారు. దానికి ముందు, చేతులు ఖాళీగా ఉంచొద్దన్న నా సలహా. దానికి ముందు ఆ నవ్వు, వేసుకోని మాత్ర. ఒక్క పూట తప్పినంత మాత్రాన నాల్ట్రెక్సోన్ ప్రభావం పూర్తిగా పోదు. కానీ ఆయనకి ఆ మాత్ర రోజూ తనకి తాను ఇచ్చుకునే మాట, ఆ రోజు ఆ మాట ఇచ్చుకోలేదు. అన్నిటికన్నా ముందు, మొదటి రాత్రి నాలుగు గంటల నిద్ర.

అప్పుడు మామూలుగా ఒక ప్రశ్న అడిగాను: "మామూలుగా ఏటా గ్లాసులు ఎవరు తీస్తారు?"

"నేనే అండీ. పోసేదీ నేనే, తీసేదీ నేనే."

ఐదు నెలల్లో నేను ఈ ప్రశ్న అడగలేదు. పదేళ్లుగా ఆ ఇంట్లో ఆయన పని అదే. బాటిళ్లు తేవడం, ఐసు చూడటం, ఎవరికి ఎంత పోయాలో గుర్తుపెట్టుకోవడం. అన్నయ్య ఇంటి పెద్ద, బావగారు మాటకారి, ఈయన మందు చూసుకునే మనిషి. తాగుడు మానేసిన రోజున ఆ కుటుంబంలో ఆయన ఉద్యోగం కూడా పోయింది. ఏడు నుంచి పదకొండున్నర దాకా ఆయనకి అక్కడ చేయడానికేమీ లేదు. పని అందుకోమని నేనన్నాను, ఆయన తనకి తెలిసిన పాత పనే అందుకున్నారు. నేను "వద్దు" అనడం నేర్పాను. వద్దన్నాక ఆ గదిలో ఆయన ఎవరన్నది చూడలేదు.

ఆ తర్వాత

మార్చినవి ఎక్కువేం కావు. మాత్ర పొద్దున్నే, పళ్లు తోముకున్న వెంటనే, ఒంటరిగా. భార్య ఇక అడగరు. వారానికోసారి స్ట్రిప్పు ఇద్దరూ కలిసి చూసుకుంటారు. ఇంట్లో ఆ మాట కూడా మారింది, ఇప్పుడు దాన్ని "బిళ్ల" అంటున్నారు. నా ఫోన్ రాత్రి మోగదు కాబట్టి, అర్ధరాత్రి లేపదగ్గ మనుషుల పేర్లు రెండు రాసుకున్నారు.

అన్నయ్యకి ఆయనే స్వయంగా జరిగింది చెప్పారు. అన్నయ్య స్పందన నన్ను ఆ గుక్కలకన్నా ఎక్కువ భయపెట్టింది: "మూడు గుక్కలకే ఆగావంటే ఇంక కంట్రోల్లో ఉన్నట్టేగా!" క్లయింటు మొహంలో కూడా ఒక క్షణం ఆ వెలుగు చూశాను. ఈ ఒక్క వాక్యం మీద ఒక సెషన్ పట్టింది. పాత డైరీ తీయించాను. గతంలో రెండుసార్లు ఆయన "కంట్రోల్లో" తాగడం మొదలుపెట్టారు. ఒకసారి మూడు వారాల్లో, ఇంకోసారి తొమ్మిది రోజుల్లో రోజువారీ తాగుడుకి చేరుకున్నారు. ఆయన రాతలోనే ఉంది.

ఏడు వారాల తర్వాత అదే ఇంట్లో ఇంకో కార్యక్రమం, ఒక రాత్రి. ఈసారి ఆయన పని పొద్దున్న మొదలైంది: పెద్దవాళ్లని తీసుకురావడం, పిల్లల ఆటలు, అందరి ఫొటోలు. తొమ్మిదింటికి అమ్మ గదిలోకి వెళ్లిపోయారు. గ్లాసుల సంగతి అన్నయ్య చూసుకున్నారు. ప్రేమతో ఆయన ఆల్కహాల్ లేని బీరు కూడా తెప్పించారు. వద్దన్నాం. అలాంటి వాటిలో కొన్నిట్లో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. అసలు లేకపోయినా ఆ రుచి, ఆ వాసన, ఆ సీసా పట్టుకునే తీరు, అన్నీ పాతవే. కొందరికి అది పనికొస్తుంది. వాసనకే జారిన మనిషికి నేను సిఫారసు చేయను.

ఇది రాసేనాటికి ఆ మూడు గుక్కలకి పదకొండు నెలలు. మళ్లీ తాగలేదని ఆయనా చెప్పారు, భార్యా చెప్పారు. లివర్ మీద తాగుడు ప్రభావాన్ని చూపే జీజీటీ అనే రక్తపరీక్ష మామూలు స్థాయిలో ఉంది, అయితే ఎప్పుడో ఒకసారి తాగే కొద్దిపాటి మందుని ఆ పరీక్ష పట్టుకోలేదు. కాబట్టి నా దగ్గరున్న ప్రధాన ఆధారం వాళ్ల మాటే. మూడు గుక్కల్ని రెండని రాస్తే సరిదిద్దిన మనిషి మాట.

నా మొదటి సెషన్ ఫారంలో ఇప్పుడు ఒక కొత్త ప్రశ్న ఉంది: మీ ఇంట్లో నలుగురు కూడినప్పుడు మీ పని ఏంటి?

పండగ సెలవులు మళ్లీ వస్తున్నాయి. ఈసారి నాలుగు రాత్రులూ ఉంటానంటున్నారు. నేను మూడంటున్నాను. ఇంకా తేలలేదు.